కుట్లు విప్పారంటే గాయం మానినట్టు కాదు



మన తొర్రూరు చుట్టుపక్కల పొలం పనుల్లో కొడవలి, పార తగిలి కాలు తెగడం మామూలే. తెగినచోట కణాలు చచ్చిపోతాయి. కొన్ని గంటల్లోనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి క్రిములను, చచ్చిన కణాలను తినేస్తాయి. అందుకే మొదటి 2, 3 రోజులు ఎరుపు, వేడి, వాపు, నొప్పి ఉంటాయి. అది శరీరం చేసుకునే మరమ్మతు. ఆ తర్వాత కూడా వాపు పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే తీసుకురండి.

తరువాత ఎర్రని కొత్త కండ పుడుతుంది. దాన్ని గీకొద్దు. సున్నం, పసరు పెట్టొద్దు.

వారానికి కుట్లు విప్పగానే కొందరు పనికి పోతారు. అప్పటికి ఆ అతుకు బలం మామూలు చర్మంలో సుమారు 10 శాతమే. 3 నెలలకు 70-80 శాతానికి వస్తుంది. షుగరుంటే ఇంకా ఆలస్యం. డాక్టరుగారు చెప్పేదాకా బరువులు మోయనివ్వకండి. గుడ్డు, పప్పు పెట్టండి.