ఓరల్ ఎంక్వైరీ నుంచి అప్పీలు దాకా
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించీ, కమ్యుటేషన్ గురించీ చెప్పడానికి నాకంటె సమర్థులు ఈ సభలో ఉన్నారు. మన సభ్యుల మనుమలు, మనుమరాళ్లు కొందరు లా కాలేజీల్లో చదువుతున్నారట. పోలీసుల మీద వచ్చే అభియోగాలను విచారించి తీర్పు చెప్పడం, ఆ అప్పీళ్లు వినడం అనే పని లాయర్లకు ఒక వృత్తిగా దొరుకుతుందా అని వారు అడిగారట. జిల్లా పోలీసు ఆఫీసులో పి.ఆర్. సెక్షన్ సీటు ఎక్కువ కాలం చూసినవాడినని కార్యదర్శిగారు నా పేరు చెప్పారు. నేను యూనిఫారం వేసినవాడిని కాను, లాయరునూ కాను. మినిస్టీరియల్ స్టాఫు. ఫైలు పుట్టిన దగ్గర నుంచి రికార్డు రూముకు పోయేదాకా చూసినవాడిని. ఆ మేరకే మనవి చేస్తాను.

పి.ఆర్. అంటే పనిష్‌మెంట్ రోల్. కానిస్టేబులు మీద గానీ, ఎస్.ఐ. మీద గానీ ఆరోపణ వస్తే ముందు ఒక అధికారి ప్రాథమిక విచారణ జరిపి రిపోర్టు పంపుతారు. అందులో పస ఉందనుకుంటే ఛార్జిమెమో. దానికి జవాబు వచ్చాక, పెద్ద శిక్ష పడదగిన వ్యవహారమైతే ఓరల్ ఎంక్వైరీ. సాక్షులను పిలుస్తారు, వాంగ్మూలాలు రాస్తారు, ఛార్జీ పడినవాడు వారిని క్రాస్ చేయవచ్చు, తన సాక్షులను తెచ్చుకోవచ్చు. దీనిని నడిపేవారు చాలా సందర్భాలలో ఒక డి.ఎస్.పి. ఆయనకు దొంగలను పట్టే పని ఉంటుంది, బందోబస్తు ఉంటుంది, మంత్రిగారి పర్యటన ఉంటుంది. వీటి నడుమ సాయంత్రం పూట కాసేపు జడ్జిగారు కావాలి. లా చదివినవారూ ఉండేవారు, చదవని వారూ ఉండేవారు. లా చదవకపోయినా న్యాయంగా విచారించిన వారిని చూశాను. కానీ అది మనిషి గుణాన్ని బట్టి వచ్చినదే తప్ప పద్ధతిని బట్టి వచ్చింది కాదు.

చట్టం సంగతి కొంచెం చెప్పుకుందాం. ఆంధ్ర ప్రాంతంలో పోలీసు శాఖకు పునాది 1859 నాటి మద్రాసు డిస్ట్రిక్ట్ పోలీస్ యాక్టు. దేశమంతటికీ తెలిసిన 1861 నాటి పోలీస్ యాక్టు కంటె రెండేళ్లు పెద్దది. తెలంగాణ ప్రాంతానికి నిజాం కాలపు ఫస్లీ సంవత్సరం పేరుతో వేరే చట్టం. ఆ రోజుల్లో శిక్ష అంటే దొరగారి మాట. 1950లో రాజ్యాంగం వచ్చాక 311వ అధికరణం కిందిస్థాయి కానిస్టేబులుకు కూడా రెండు రక్షణలు ఇచ్చింది. నియమించిన అధికారి కంటె తక్కువ హోదావారు అతన్ని ఉద్యోగం నుంచి తీసెయ్యకూడదు. ఆరోపణలేమిటో చెప్పి, జవాబు చెప్పుకొనే సరైన అవకాశం ఇవ్వకుండా తీసెయ్యకూడదు. మినహాయింపులు మూడున్నాయి: క్రిమినల్ కేసులో శిక్షపడటం, విచారణ జరపడం ఆచరణసాధ్యం కాకపోవడం, దేశ భద్రత. తక్కిన వివరాలన్నీ మన సి.సి.ఏ. రూల్సు. 1963 నాటివి పోయి 1991 నాటివి వచ్చాయి.

పిల్లలు తప్పక చదవవలసిన తీర్పు ఒకటున్నది. నిడదవోలు స్టేషన్‌లో పనిచేసిన ఒక సబ్‌ఇన్‌స్పెక్టరు, అరెస్టు చేసిన మనిషిని మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచలేదన్న అభియోగం మీద బర్తరఫ్ అయ్యాడు. హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోతే, 1963లో అక్కడ హైకోర్టు తీర్పు నిలవలేదు. శాఖాపరమైన విచారణలో తేలిన నిజానిజాల మీద హైకోర్టు అప్పీలు కోర్టులాగా కూర్చోరాదు, విచారణ పద్ధతి ప్రకారం జరిగిందా, ఆ నిర్ణయానికి కొంతైనా సాక్ష్యం ఉన్నదా అన్నంతవరకే చూడాలి అన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ శ్రీరామారావు అని దేశమంతటా ఈనాటికీ ఉదహరిస్తారు. క్రిమినల్ కోర్టులో లాగా అనుమానానికి తావులేకుండా రుజువు కానక్కరలేదు, ఎక్కువ సంభావ్యత ఎటు ఉన్నదో చూస్తే చాలన్నది కూడా స్థిరపడిన సూత్రమే.

ఇది మంచి తీర్పే. కానీ దీని పర్యవసానం ఏమిటో సీటులో కూర్చున్నవాడికి తెలుస్తుంది. పైకోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూకం వెయ్యదు గనుక, సాక్ష్యాన్ని తూచే మనిషి అసలు ఆ డి.ఎస్.పి. గారే. ఆయన రాసిన ఆ పది పేజీల మినిట్ మీదే అన్నీ ఆధారపడతాయి.

నేను చూసిన రెండు ఫైళ్ల సంగతి చెబుతాను. పేర్లు, ఊర్లు వద్దు.

ఒక కానిస్టేబులు మూడు నెలలు డ్యూటీకి రాలేదు. డిజర్టరుగా ప్రకటించి, విచారణ జరిపి, ఉద్యోగం నుంచి తొలగించారు. తమ్ముడికి జబ్బు చేస్తే ఆసుపత్రిలో ఉన్నానని అతని వాదన. కాగితాలు కూడా జతచేశాడు. అప్పీలు మీద వచ్చిన ఆర్డరు మూడు లైన్లు: అప్పీలు పరిశీలించడమైనది, జోక్యం చేసుకోవలసిన కారణములు లేవు, తిరస్కరించడమైనది. ఆసుపత్రి కాగితాల ఊసే లేదు. ఆ ఆర్డరు కాపీ కోసం అతని భార్య మా కౌంటరు దగ్గరకు వచ్చింది. “సారూ, ఇందులో ఏం రాశారు?” అని అడిగితే చదివి చెప్పాను. “మరి తమ్ముడి సంగతి?” అన్నది. ఆ ప్రశ్ననే తరువాత ట్రిబ్యునల్ కూడా అడిగింది. అప్పీలు వినే అధికారి కారణాలు రాయాలని సుప్రీంకోర్టు 1986లో రామచందర్ అనే రైల్వే ఉద్యోగి కేసులో చెప్పి ఉన్నది. మళ్లీ వినండని పంపారు, చివరకు ఇంక్రిమెంటు వాయిదాతో ఉద్యోగం తిరిగి వచ్చింది. మధ్యలో నాలుగేళ్లు పోయాయి. పెద్ద పిల్లవాడు చదువు మాని లారీ క్లీనరుగా చేరాడు.

రెండో ఫైలు దీనికి ఎదురు. ఒక గొర్రెల కాపరిని స్టేషన్‌లో కొట్టారని ఎస్.ఐ. మీద ఆరోపణ. ప్రాథమిక విచారణలో కాపరి అన్నీ చెప్పి వేలిముద్ర వేశాడు. ఆరు నెలల తరువాత ఓరల్ ఎంక్వైరీ. ఎక్కడ? అదే సర్కిల్ ఆఫీసులో. పిలుపు అందించినది ఎవరు? అదే స్టేషన్ కానిస్టేబులు. కాపరి వచ్చి “నన్నెవరూ కొట్టలేదు, గట్టు మీద నుంచి పడ్డాను” అని చెప్పిపోయాడు. ఒకే ఫైలులో రెండు వేలిముద్రలు, రెండు కథలు. ఛార్జీ రుజువు కాలేదు. విచారణాధికారి ఏ రూలూ తప్పలేదు. కాపరి ఫిర్యాదుదారే గానీ ఆ విచారణలో సాక్షి మాత్రమే. ఫలితం నచ్చకపోతే అప్పీలు చేసుకొనే హక్కు అతనికి లేదు. అప్పీలన్నది శిక్ష పడినవాడికి మాత్రమే.

మొదటి ఫైలు చెప్పినప్పుడు మన పోలీసు మిత్రులు తల ఊపారు. రెండోది చెప్పినప్పుడు ఊపలేదు. నా ఉద్దేశంలో రెండింటికీ మూలం ఒక్కటే. విచారించేవాడు శాఖ లోపలివాడు. వాడు మంచివాడైనా కింది కానిస్టేబులుకు పరాయివాడే, బయటి కాపరికి మరీ పరాయివాడు.

అయితే మన రాష్ట్రంలో న్యాయశాస్త్రం తెలిసినవారు తీర్పు చెప్పే వేదికలు లేకపోలేదు. 1960లోనే డిసిప్లినరీ ప్రొసీడింగ్స్ ట్రిబ్యునల్ చట్టం చేశారు. జిల్లా జడ్జి స్థాయివారు దానికి అధిపతి. ఏ.సి.బి. పట్టిన లంచం వ్యవహారాలను ప్రభుత్వం అక్కడికి పంపేది, వాటిలో పోలీసులవీ ఉండేవి. నిర్ధారణ ట్రిబ్యునల్‌ది, ఆర్డరు ప్రభుత్వానిది. ఆ రికార్డులు చూస్తే తేడా కంటికి కనపడేది. ఏ సాక్షిని ఎందుకు నమ్మారో, ఎవరిని ఎందుకు నమ్మలేదో రాసి ఉండేది.

తరువాత మనకందరికీ బాగా తెలిసిన అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్. 1973లో 32వ రాజ్యాంగ సవరణతో 371-డి అధికరణం వచ్చింది, దాని కింద ట్రిబ్యునల్ ఏర్పడింది. అందులో ఒక విచిత్రమైన క్లాజు ఉండేది. ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును రాష్ట్ర ప్రభుత్వం మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. కేసులో ప్రతివాది ప్రభుత్వమే, ఓడిపోతే తీర్పు మార్చేదీ ప్రభుత్వమే! సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు 1986 చివరలో ఆ క్లాజు చెల్లదని కొట్టివేసింది. 1989లో ట్రిబ్యునల్ కొత్త చట్టం కిందికి వచ్చింది. 1997లో చంద్రకుమార్ కేసు తీర్పుతో దాని పైన హైకోర్టు పరిశీలన కూడా మళ్లీ వచ్చింది. ఎంక్వైరీ రిపోర్టు నకలు శిక్షకు ముందే ఉద్యోగికి ఇవ్వాలన్న సూత్రాన్ని 1993లో రాజ్యాంగ ధర్మాసనం ఖాయపరచినది కూడా మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగి కేసులోనే.

ఆ ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు. తెలంగాణకు సంబంధించి 2016లో, ఆంధ్రకు సంబంధించి 2020 నాటికి రద్దయింది. కేసులు హైకోర్టులకు పోయాయి. ఐ.పి.ఎస్. అధికారులకు మాత్రం కేంద్ర ట్రిబ్యునల్ హైదరాబాదు బెంచి ఉన్నది. పై అధికారికి ప్రత్యేక వేదిక, కానిస్టేబులుకు హైకోర్టు రిట్టు. దీని మీద మన సంఘం ఒక తీర్మానం చేస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

కాపరి వంటివారి మాటకు వస్తే, 1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషన్ ఉదంతం పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఊరు అట్టుడికింది, కర్ఫ్యూ పెట్టారు. హైకోర్టు జడ్జి జస్టిస్ ముక్తదర్ గారి కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. క్రిమినల్ కేసు రాయచూరుకు మారి, అక్కడ నిందితులు విడుదలయ్యారు. కమిషన్ రిపోర్టుకు శిక్షించే బలం లేదు. సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో, రాష్ట్ర స్థాయిలో రిటైరైన హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి, జిల్లా స్థాయిలో రిటైరైన జిల్లా జడ్జి అధిపతులుగా పోలీసు ఫిర్యాదుల అథారిటీలు పెట్టమన్నది. రాష్ట్రాలు ఎంత తాపీగా కదిలాయో చెప్పనక్కరలేదు. కదిలిన చోట కూడా ఇవి రిటైరైనవారికి దొరికే పదవులే గానీ, యువ న్యాయవాది ఎంచుకొనే వృత్తి కాదు.

అది వృత్తిగా ఉన్న దేశం ఇంగ్లండు. అక్కడ 2015 నుంచి పెద్ద అభియోగాల విచారణ సాధారణంగా బహిరంగం. 2016 జనవరి నుంచి అధ్యక్షస్థానంలో స్వతంత్ర న్యాయవాది, పక్కన ఒక పోలీసు అధికారి, ఒక సామాన్య పౌరుడు. అప్పీలు వినే ట్రిబ్యునల్‌కు కూడా న్యాయవాదే అధ్యక్షుడు. అయితే లండన్ పోలీసుల మీద ఘోరమైన విషయాలు బయటపడ్డాక, “చెడ్డవాళ్లను తీసేద్దామంటే ఈ లాయర్లు అడ్డం” అని పోలీసు చీఫ్‌లు గోల పెట్టారు. 2024 మేలో అధ్యక్షస్థానం మళ్లీ చీఫ్‌లకు పోయింది, లాయరు పక్కన కూర్చొని సలహా చెప్పేవాడయ్యాడు. ఎనిమిదేళ్ల ముచ్చట. తప్పు చేసినవాణ్ణి త్వరగా పంపాలన్న ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ ఆ కుర్చీలో శాఖాధిపతి కూర్చుంటే ఏమవుతుందో మనం మన ఫైళ్లలో చూసి ఉన్నాం. వారు వెనక్కు నడిచారనే నేననుకుంటాను.

కనుక పిల్లలకు నేను చెప్పగలిగినది ఇది. మన దగ్గర ఈ పనికి ప్రత్యేకమైన కేడరు లేదు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్లీ చెప్పింది. ఏడేళ్లు ప్రాక్టీసు చేసినవారు నేరుగా జిల్లా జడ్జి పోస్టుకు పోవచ్చు. ఆ మూడేళ్లూ, ఏడేళ్లూ హైకోర్టులో సర్వీసు కేసులు చేసే సీనియరు దగ్గర గడపండి. ఒక ఓరల్ ఎంక్వైరీ ఫైలు మొదటి నోటు నుంచి ఆఖరు పేజీ దాకా చదివితే, పుస్తకంలో లేనిది తెలుస్తుంది.

ఇక మన పెన్షనర్లకు పనికివచ్చే ఒకటి రెండు విషయాలు చెప్పి ముగిస్తాను. రిటైరైనంత మాత్రాన కేసు పోదు. 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్‌లోని 9వ రూలు ప్రకారం, సర్వీసులో మొదలైన విచారణ రిటైరైన తరువాత కూడా సాగుతుంది. అంతవరకు ప్రొవిజనల్ పెన్షనే, గ్రాట్యుటీ ఆగుతుంది. సర్వీసులో మొదలుకాని దానికి ప్రభుత్వ అనుమతి కావాలి. పైగా సంఘటన జరిగి నాలుగేళ్లు దాటితే మొదలుపెట్టరాదు. మొదలైనట్టు లెక్క ఛార్జిమెమో ఇచ్చిన తేదీ నుంచి, అంతకు ముందే సస్పెన్షన్‌లో ఉంటే ఆ తేదీ నుంచి. ప్రాథమిక విచారణ జరిగిన తేదీ లెక్కలోకి రాదు. ఈ ఒక్క తేదీ మీద నిలిచిన కేసులు, పోయిన కేసులు చాలా ఉన్నాయి.

అందుచేత మన సభ్యులలో ఎవరికైనా ఇటువంటి కాగితం వస్తే కవరు పారేయకండి. దాని మీది తపాలా ముద్ర తేదీ కూడా సాక్ష్యమే. కాగితాలన్నీ తేదీల వరుసన పెట్టి, ట్యాగు కట్టి, మన ఆఫీసు తెరిచి ఉండే రోజున సాయంత్రం తీసుకురండి. నేనూ, మరి ఇద్దరు మిత్రులూ అక్కడ ఉంటాము.