నర్సమ్మ అడిగే ప్రశ్నలు
(రేడియో ప్రసంగ పాఠము)



1 రాజుల గ్రంథము 19వ అధ్యాయములో ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి తన ప్రాణము తీసివేయుమని దేవుని అడిగాడు. కర్మెలు మీద అంత గొప్ప కార్యం చూచిన ప్రవక్త! దూత వచ్చి, నీకు విశ్వాసం తక్కువైందని గద్దించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పండుకోనిచ్చాడు. ప్రశ్న ఆ తరువాత హోరేబులో వచ్చింది, అదీ రెండుసార్లు. ఏలీయా రెండుసార్లూ ఒకే జవాబు చెప్పాడు, దేవుడు విన్నాడు.

ఈనాడు మానసిక వైద్య విభాగంలో నర్సమ్మ మొదట అడిగేవి కూడా ఇవే. నిద్ర పడుతోందా? అన్నం తింటున్నారా? ఎన్నాళ్ళ నుండి ఇలా ఉంది?

"ఈ ప్రశ్నలెందుకు, తలకు స్కాన్ తీస్తే తెలిసిపోదా?" అని మనవాళ్ళు అంటారు. తెలియదండీ. దిగులు జబ్బుగాని, స్కిజోఫ్రీనియాగాని ఫలానా అని చెప్పే స్కాన్ లేదు, రక్తపరీక్ష లేదు. అయినా రక్తం ఎందుకు తీస్తారంటే, శరీరంలోని జబ్బు మనస్సు జబ్బులాగా కనబడుతుందేమోనని. థైరాయిడ్ మందగించినా దిగులుగా ఉంటుంది. బి12 తగ్గినా మతిమరుపు వస్తుంది.

ముఖ్యంగా ముసలివారి సంగతి వినండి. నిన్నటిదాకా బాగున్న అమ్మమ్మ రాత్రికి రాత్రి మనుషులను గుర్తుపట్టదు, గోడమీద ఎవరో ఉన్నారంటుంది, తెల్లవారితే కొంచెం తేరుకుంటుంది, చీకటిపడితే మళ్ళీ మొదలు. వెంటనే మనం దయ్యమంటాం. నర్సమ్మ జ్వరం చూస్తుంది, షుగర్ చూస్తుంది, మూత్రం సరిగా వస్తోందా అని అడుగుతుంది, కొత్తగా ఏ మాత్రలు వేశారో అడుగుతుంది, వారాల పేర్లు వెనుకనుండి చెప్పమంటుంది. ఇలా హఠాత్తుగా వచ్చే తికమకను డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో ఉప్పు తగ్గడం వంటివి దీనికి కారణాలు. ఇది అత్యవసర పరిస్థితి. ప్రార్థన చేయండి, తప్పక చేయండి. ఆటోలో చేయండి, ఆసుపత్రికి వెళుతూ చేయండి.

మరికొందరికి వేరే భయం. "నేను ప్రార్థనలో ప్రభువు స్వరం విన్నానంటే పిచ్చి అని రాసేస్తారేమో!" 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఒకరు ఫలానా మతస్థులని గాని, చుట్టుపక్కలవారి విశ్వాసాలతో ఏకీభవించలేదని గాని మానసిక రోగిగా తేల్చకూడదు. నర్సమ్మ అడిగేది వేరు. ఆ స్వరం మిమ్మును తిడుతోందా? ఎవరికైనా హాని చేయమంటోందా? దానివలన నిద్ర, పని పాడయ్యాయా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అదే చట్టం రోగిని గొలుసులతో కట్టివేయడాన్ని కూడా నిషేధించింది. స్వస్థత కూటాలు జరిపే పెద్దలు ఈ మాట గట్టిగా వినాలి.

పి.హెచ్.క్యూ.-9 అని ఒక కాగితం ఇస్తారు. అందులో 9 ప్రశ్నలు, గడచిన రెండు వారాల గురించి. ఒక్కొక్కదానికి 0 నుండి 3 వరకు, మొత్తం 27. మార్కులు ఎక్కువైనంత మాత్రాన జబ్బు ఖాయమని కాదు, లోతుగా మాట్లాడాలని అర్థం. తొమ్మిదవ ప్రశ్న చావు తలంపుల గురించి. మన సహోదరీలు చాలామంది అక్కడికి వచ్చి "లేదు" అని గీత గీసేస్తారు, ప్రక్కన అత్తగారు కూర్చుని ఉంటుంది గనుక! నర్సమ్మతో ఒంటరిగా మాట్లాడతానని అడగండి. తప్పేమీ లేదు.

ఇంట్లోవారు ఈ ప్రశ్న అడగడానికి జంకుతారు, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అడగడం వలన ఆ ఆలోచన పుట్టదు. దాచుకున్నవారికి చెప్పుకునే దారి దొరుకుతుంది. మీ కోడలు అన్నం మానేసి గోడవైపు తిరిగి పండుకొని ఉంటే, ఈ రాత్రే ప్రక్కన కూర్చుని మెల్లగా అడగండి. అవునంటే ఒంటరిగా విడువకండి, పురుగుమందు డబ్బా ఇంట్లోనుండి తీసివేయండి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి, నాటుమందులతో సహా.

ఊరు దూరమైతే టెలి మానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ 2022 అక్టోబరు నుండి ఉంది. పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు. పెన్ను తీసుకోండి, నంబరు చెబుతాను: 1-4-4-1-6.