పానశాలలు - వీధిపోరాటములు

వీధిలో జగడము జరిగినచో, అది మద్యము చేసిన పనియని తేల్చివేయుట మనకు అలవాటు. రెండు ప్రపంచయుద్ధముల నడుమ బెర్లిన్ నగరమున రాజకీయపక్షముల వారు ఒకరినొకరు కొట్టి చంపుకొనిన కథకు ఈ సమాధానము చాలదు. ఆ కలహములలో పానశాలకు పెద్ద పాత్ర కలదు. కాని అచట మద్యముకంటె చోటు ముఖ్యము.

కార్మికుల పేటలలో ఇండ్లు మిక్కిలి ఇరుకు. పని ముగించుకొని వచ్చినవాడు వీధిమూలనున్న పానశాలలో ఒక గ్లాసు బీరు ముందుంచుకొని పత్రిక చదువును, ఇరుగుపొరుగులతో ముచ్చటించును. సంఘముల సమావేశములును అచటనే. 1878 మొదలు 1890 వరకు సోషలిస్టు సంఘములు నిషేధింపబడినపుడు వారు రహస్యముగా కలిసికొనుటకు ఆశ్రయమైనదియు పానశాలయే.

నాజీపక్షము ఈ మర్మమును గ్రహించెను. 1923 నవంబరు 8న హిట్లరు తన విఫలమైన తిరుగుబాటును ప్రారంభించినది మ్యూనిచ్ నగరపు బీరుశాలయందే. 1927 ఫిబ్రవరిలో గోబెల్సు బెర్లిన్‌లో కమ్యూనిస్టులకు పట్టుగొమ్మయైన వెడ్డింగ్ పేటకే పోయి, వారు సభలు జరుపుకొను ఫారుస్ శాలలో సభ పెట్టెను. ఆనాడు కుర్చీలును గ్లాసులును ఆయుధములయ్యెను.

అంతలో ఆర్థికమాంద్యము వచ్చిపడెను. 1932 ఆరంభమున జర్మనీలో నిరుద్యోగులు 60 లక్షలను మించిరి. చేత కాసులేని కార్మికుడు పానశాలకు రాడు. బేరములేని యజమాని అద్దె చెల్లింపలేడు. అట్టి యజమానికి నాజీల తుపానుదళము దినదినము బేరము చూపెను. అతడు తలుపు తెరచెను. నిన్నటివరకు పేటవారందరిదైన చోటు నేడు ఒక దళమునకు కోట యయ్యెను. పని లేని యువకులకు అచట తిండియు, తోడును, ఒక్కొక్కచోట పడకయు దొరకెను. వాకిట కాపలా నిలిచెను. ఎదిరిపక్షమువారికిని తమతమ పానశాలలు గలవు. ఆ రెంటి నడుమనున్న వీధియే రణరంగము.

నాయ్‌కోల్న్ పేటలో, రిచర్డ్ వీధియందలి యొక పానశాల ఇట్లే తుపానుదళమునకు నెలవయ్యెను. 1931 అక్టోబరు 15న కమ్యూనిస్టులు దానిపై కాల్పులు జరిపిరి. ఆ కాల్పులలో పానశాల యజమాని మరణించెను. తన బేరము నిలుపుకొనుటకు తెరచిన తలుపే అతని ప్రాణము తీసెను.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చిన పిమ్మట ఈ నెలవులలో కొన్ని బందిఖానాలయ్యెను. ఆ జూన్‌లో కోపెనిక్ పేటలో పట్టుబడిన ప్రతిపక్షులను హింసించిన తావులలో తుపానుదళపు పానశాలయు నొకటి. హింసించినవారిలోను, హింసింపబడినవారిలోను ఆ పేటవారే యుండిరి.

నలుగురు కూర్చుండి వాదించుకొనుటకు ఒక చోటున్నంతవరకు అభిప్రాయభేదము మాటలతో ముగియుటకు వీలుండును. ఆ చోటును ఒక్కపక్షము తనదిగా చేసికొని, తక్కినవారికి తలుపు మూసిననాడు, వారు కలిసికొనుటకు మిగులునది వీధియే. బెర్లిన్ పానశాలల చరిత్ర మనకు దీనినే తెలుపుచున్నది.