నీళ్ల లెక్క - విలోమానుపాతం



మొన్న ఎనిమిదో తరగతి చదివే మనవరాలు "తాతా, ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గితే విలోమానుపాతమే కదా?" అన్నది. కాదన్నాను. నెలలో తారీకు పెరిగినకొద్దీ మన పెన్షన్ తరుగుతుంది, అది విలోమానుపాతం కాదు. రెండింటినీ గుణిస్తే వచ్చే లబ్ధం మారకూడదు.

ఆదిలాబాద్ జిల్లా నుండి బదిలీపై కరీంనగర్ వచ్చాక నాకీ సంగతి కాలువ నీళ్లతో తెలిసింది. లోయర్ మానేరు డ్యాం నిండితే 24 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 1,000 క్యూసెక్కుల చొప్పున వదిలితే అది పదకొండున్నర రోజులు వస్తుంది. 2,000 వదిలితే ఆరు రోజుల లోపే. 3,000 అయితే? ఇంకో ఆరు తీసేస్తే సున్నా అవుతుంది! తీసివేయరాదు, భాగించాలి. దాదాపు నాలుగు రోజులు. (ఆవిరయ్యేది, ఇంకేది వేరు.)

ఒక యాసంగిలో చివరి ఆయకట్టు రైతు ఒకాయన వచ్చి "నీళ్లింకెన్ని దినాలస్తయి సారూ?" అని అడిగాడు. పాత లెక్క చూసి పన్నెండన్నాను. ప్రవాహం రెట్టింపు చేశారన్న కాగితం నా బల్లమీదే ఉంది, నేను చూడలేదు. ఆయన బిడ్డ పెళ్లి మాటలకు జగిత్యాల పోయి ఎనిమిదో రోజు వచ్చాడు. ఆరో రోజే కాలువ బందయింది. పొట్టమీదున్న వరి సగం ఎండింది.

ఆయన నన్నొక్క మాట అనలేదు. మరుసటేడు వచ్చినప్పుడు మాత్రం దినాల సంగతి అడగలేదు. "ఇప్పుడెన్ని క్యూసెక్కులు ఇడుస్తున్నరు సారూ?" అన్నాడు.