అమ్మ దొరికిన ఇల్లు



ఈవేళ మీతో ఒక సినిమాను గురించి ముచ్చటించాలని వచ్చాను. కె. విశ్వనాథ్ గారి ‘స్వాతికిరణం’. 1992లో వచ్చింది. విశ్వనాథ్ గారి పేరు ఎత్తగానే మనవాళ్ళు 1980 నాటి ‘శంకరాభరణం’ అంటారు, 1983 నాటి ‘సాగర సంగమం’ అంటారు. ‘స్వాతికిరణం’ పేరు మూడోసారికో నాలుగోసారికో గాని నోటికి రాదు. వచ్చినా పాటల కోసమే వస్తుంది. సంగీతం సినిమా అని చెప్పి దాన్ని ఒక అరలో పెట్టేశాం. నా మటుకు నాకు అది ఒక ఇంటి కథ. పరాయి పిల్లవాడు ఒక ఇంటికి ఎలా సొంతమవుతాడు, ఎంతవరకు సొంతమవుతాడు అన్నదే అందులోని అసలు సంగతి.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అనంతరామశర్మ మహావిద్వాంసుడు. ఆయన భార్య శారద. పిల్లలు లేరు. గంగాధరం అనే కుర్రవాడు ఆ ఇంటికి చేరతాడు. వాడు అనాథ కాదు, కన్నవాళ్ళు ఉన్నారు. అయినా శారద వాడికి అమ్మ అయిపోతుంది. ఇది విడ్డూరమేమీ కాదు. ఒక బిడ్డకు ఒకే ఇల్లు ఉండాలని ఎక్కడా రాసిపెట్టి లేదు కదా.

చిక్కంతా శర్మగారితోనే. వాడి విద్య తనను మించిపోతోందని ఆయనకు తెలుసు. తెలిసినకొద్దీ లోపల దహించుకుపోతాడు. ఇల్లు ఒకటే, అన్నం పెట్టే చెయ్యి ఒకటే, కాని ఆ ఇంటికి రెండు తలుపులు. శారద తలుపు బార్లా తెరిచి ఉంటుంది. వాడు పాడినా పాడకపోయినా ఆవిడకు బిడ్డే. శర్మగారి తలుపు మాత్రం వాడు తనకంటే చిన్నవాడుగా ఉన్నంతసేపే తెరుచుకుంటుంది. చివరికి గురువు మనసు చల్లబడాలని ఆ పసివాడు ప్రాణమే తీసుకుంటాడు. పరాయి ఇంట్లో పెరిగే పిల్లలకు ఒక తెలివి ఉంటుంది. పెద్దవాళ్ళ మొహం చూసి, తాము ఎంత ఒదిగి ఉండాలో లెక్క కట్టుకుంటారు. ఆ లెక్క ఎంత దూరం పోతుందో విశ్వనాథ్ గారు దాచకుండా చూపించారు.

ఇది పిల్లలకు చూపించదగిన సినిమాయేనా అని ఎవరైనా అడిగితే తడబడతాను. ఆరో తరగతి పిల్లలకైతే చూపించను. వాళ్ళ పంతుళ్ళకు తప్పకుండా చూపిస్తాను.

బెంగళూరువాళ్ళం ఈ సినిమాను తలుచుకోవడానికి ఇంకో కారణం ఉంది. గంగాధరం వేషం వేసిన మాస్టర్ మంజునాథ్ మన ఊరి కుర్రవాడే. శంకర్ నాగ్ గారు ఆగుంబెలో తీసిన ‘మాల్గుడి డేస్’లో స్వామిగా దేశమంతా చూసింది అతన్నే. శర్మగారు మలయాళ నటుడు మమ్ముట్టి; తెలుగు మాటలు తన గొంతుతోనే చెప్పుకున్నారు. శారద రాధిక, మదరాసు ఆవిడ. సంగీతం కె. వి. మహదేవన్ గారిది, వారిది నాగర్‌కోయిల్ వైపు. ఆ కుర్రవాడి నోట వినిపించే గొంతు వాణీ జయరాం గారిది. వారు పుట్టింది వేలూరులో. ఇందులోని పాటకే ఆవిడకు 39వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ గాయని బహుమతి వచ్చింది. అంటే ఈ తెలుగింటిలో తల్లి, తండ్రి, కొడుకు, కొడుకు గొంతు అందరూ వేరే భాషలవాళ్ళే. చూస్తున్నంతసేపు అది మనకు తట్టదు. 2023 ఫిబ్రవరి 2న విశ్వనాథ్ గారు పోయారు, రెండు రోజులు తిరక్కుండా 4వ తేదీన వాణీ జయరాం గారు పోయారు. ఆ వారమే మా ఇంట్లో మళ్ళీ ఈ సినిమా పెట్టుకున్నాం. చిన్నప్పుడు వీడియో కేసెట్ అద్దెకు తెచ్చుకుని చూసినప్పుడు నేను గంగాధరం కోసం ఏడ్చాను. ఈసారి శర్మగారి మొహం తెర మీద కనిపించినప్పుడల్లా తల దించుకోవలసి వచ్చింది. ఎందుకో చెబుతాను.

నేను బడిలో కన్నడం, తెలుగు రెండూ చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఏడో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. రాయచూరు వైపువాళ్ళు. తండ్రి తాపీమేస్త్రీ, తల్లి లేదు. బడి వదిలాక తండ్రి పని నుంచి వచ్చేదాకా మా ఇంట్లో ఉండేవాడు. మా ఆవిడ చిత్రాన్నం కలిపి పెట్టేది. నెల తిరిగేసరికి ఆవిడను “అమ్మా” అనడం మొదలుపెట్టాడు. నన్ను మాత్రం “సార్” అనే అనేవాడు.

ఆ ఏడు స్కూల్ డేకి చిన్న నాటకం వేయించాం. తెలుగు తాత, కన్నడ మనవడు, మధ్యలో మాటల తికమక. రాసింది వాడే. నేను దిద్దింది పది వాక్యాలు ఉంటాయేమో. నాటకం బాగా పండింది. హెడ్మాస్టరుగారు అందరి ఎదుట నా భుజం తట్టి, “ఎంత బాగా రాశారండీ” అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. వాడు తెర పక్కనే తాత గడ్డం చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మర్నాడు మా ఇంటికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజున వచ్చి ఏమీ జరగనట్టే అన్నం తిన్నాడు. కాని ఆ తరువాత ఏం రాసినా నాకు చూపించలేదు. వ్యాసం రాయమంటే పాఠంలో ఉన్న నాలుగు ముక్కలే రాసి ఇచ్చేవాడు.

మా ఆవిడకు సంగతి తెలిసి, “ఏమండీ, వాడు రాశాడని ఒక్క మాట అంటే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా?” అంది. చెబుదామనే అనుకున్నాను. పరీక్షలు వచ్చాయి, సెలవులు వచ్చాయి. బడి తెరిచాక ప్రార్థన వేళ చెబుదామని పేరు పేరునా మాటలు కూర్చుకుని వెళ్ళాను. తండ్రికి పని అయిపోయి, వాళ్ళు టీ.సీ. తీసుకుని ఊరికి వెళ్ళిపోయారని ఆఫీసులో చెప్పారు. అయినా ప్రార్థనలో చెప్పాను. ఆ నాటకం ఎవరికీ గుర్తులేదు. ఎండలో నిలబడ్డ పిల్లలు ఎప్పుడు వదులుతారా అని చూశారు.

సినిమాలో శర్మగారు దేశాలు పట్టి తిరిగి, చివరికి పసిపిల్లల నడుమ కూర్చుని సంగీతం మొదటినుంచి నేర్చుకుంటాడు. చిన్నప్పుడు అది నాకు శిక్షలాగా కనిపించింది. ఇప్పుడు చూస్తే, శారద ఆయన కోసం కూడా తలుపు తీసి ఉంచిందనిపిస్తుంది. ఆవిడ పాత్రను మరీ దేవతను చేశారని కొందరు అంటారు. నిజమే కావచ్చు. మా ఇంట్లో ఉన్నావిడ దేవత కాదు. నన్ను ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది.

ప్రతి ఉగాదికి ఆ పిల్లవాడు ఆవిడకు ఫోను చేస్తాడు. ఇప్పుడు కలబురగిలో చదువుకుంటున్నాడట. “అమ్మా, తిన్నావా” అని మొదలుపెట్టి పావుగంట మాట్లాడతాడు. ఆఖర్న “సార్ బాగున్నారా?” అని అడుగుతాడు. బాగున్నారని ఆవిడే చెబుతుంది. కిందటి ఉగాదికి మాత్రం ఆవిడ ఏమీ చెప్పకుండా ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. “నాటకం...” అని మొదలుపెట్టాను. అవతల కాసేపు చప్పుడు లేదు. “ఇంకోటి రాశాను సార్,” అన్నాడు, “పంపించమంటారా?”