చేనేత పేరున నకిలీ చీరలు: గుర్తించు విధము
(తుళ్లూరులో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నకిలీ అను మాట ఈ ప్రాంతమువారికి క్రొత్తది కాదు. పత్తి, మిరప పండించు ఈ నేలలో నకిలీ విత్తనపు పొట్లమును నమ్మి ఒక పంటకాలమును పోగొట్టుకొన్న రైతు బాధ మీకందరకును తెలిసినదే. పొట్లముపై బొమ్మ బాగుగనే యుండును. మొక్క ఎదిగిన పిదపగాని మోసము బయటపడదు. నేడు నేను చెప్పబోవునది విత్తనమును గూర్చి కాదు, వస్త్రమును గూర్చి. ఫోనులో బొమ్మ చూచి చేనేత చీర కొనునపుడు నకిలీని గుర్తించుట ఎట్లు అనునదే నా విషయము.

ఈ మోసము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో వెనుకటి బాస్కెట్‌బాల్ ఆటగాండ్ర పేర్లు, అంకెలు గల పాత జెర్సీలకు గిరాకి యెక్కువ. కనుక నకిలీలును ఆన్‌లైనులో అమ్ముడగుచున్నవి. తెలిసినవారు అచట చూచునది రెండు సంగతులు: అంకెలు బట్టపై కుట్టినవా, ఉత్త అచ్చు వేసినవా, మెడ వద్దనున్న చీటీ ఆ కాలపుదేనా. మన చీరలను పరీక్షించుటకును ఈ రెండు ప్రశ్నలే ఆధారము.

నా అనుభవము ఒకటి మనవి చేయుదును. మా యింట పెండ్లికి మంగళగిరి చీర యొకటి ఆన్‌లైనులో తెప్పించితిమి. బొమ్మలో నిజాము అంచు మెరయుచుండెను. వచ్చిన చీరను తిరుగవేసి చూడగా అంచు వెలవెలబోయినది. అది నేసిన అంచు కాదు, అచ్చు. పొట్లము విప్పునపుడే ఫోనులో చిత్రము తీసియుంచితిమి గావున సొమ్ము తిరిగి వచ్చినది. ఆ సంగతిని మంగళగిరిలో ఒక వృద్ధ నేతగానితో సంతోషముగా చెప్పితిని. మీ సొమ్ము మీకు చేరినది గాని, ఆ పెండ్లికి అమ్ముడు పోవలసిన నా చీర మగ్గము ప్రక్కనే యుండిపోయినది గదా యని ఆయన అనెను. నకిలీ వలన నష్టపోవువారు ఇద్దరని నాకు ఆనాడు తెలిసినది. కొన్నవానికి సొమ్ము తిరిగి రావచ్చును. నేసినవానికి పోయిన బేరము తిరిగి రాదు.

ఇక గుర్తించు విధము. గుంటూరు మిరపయార్డులో బస్తా పైభాగము మాత్రమే చూచి ఎవరును ధర కట్టరు. లోపలి కాయను తీసి, విరిచి, రంగు చూతురు. చీర విషయమునను అట్లే చేయవలెను.

సొమ్ము చెల్లించుటకు ముందు, అమ్మువాని పేరు, చిరునామా కనబడుచున్నవా చూడుడు. చీర వెనుకవైపు, అంచు, కొంగు దగ్గరగా తీసిన బొమ్మలు అడుగుడు. ఇచ్చుటకు వెనుకాడినచో కొనకుడు. “చేనేత వంటిది”, “మంగళగిరి తరహా” అని వ్రాసినచో అది మంగళగిరి చేనేత యని అతడు చెప్పలేదన్నమాటయే. చేతితో నేసిన చీరకు దినములు పట్టును. ఆ శ్రమకు ఏ మాత్రము సరిపోని ధర కనబడినచో అది అదృష్టము కాదు, హెచ్చరిక.

చీర చేతికి వచ్చిన పిదప వెనుకకు త్రిప్పి చూడుడు. నేసిన అంచు రెండువైపులను కనబడును. అచ్చు అంచు వెనుక వెలిసియుండును. పోచంపల్లి చీరలలో నూలునే ముడివైచి రంగులద్ది పిదప నేయుదురు గావున రంగు ఇరువైపుల సమానముగా నుండి, బొమ్మల అంచులు కొంచెము చెదరినట్లుండును. గీత గీసినట్లున్నచో అనుమానింపవలెను. చేమగ్గముపై వెడల్పు తగ్గకుండ అంచులకు గ్రుచ్చు ముండ్ల గుర్తులు చిన్న చిన్న రంధ్రములుగా నుండుట కలదు. నేతలో కొద్దిపాటి హెచ్చుతగ్గులు దోషములు కావు; అవి చేతి ముద్రలు.

కొంగు కుచ్చు నుండి ఒక పోగు తీసి, జాగ్రత్తగా కాల్చి చూడుడు. నూలు పోగు కాగితము కాలిన వాసనతో మెత్తని బూడిదయగును. పాలియెస్టరు పోగు ముడుచుకొని, కరగి, గట్టి పూసయగును. అయితే ఈ పరీక్ష నూలునే తెలుపును గాని మగ్గమును తెలుపదు. మరమగ్గముపై నేసిన నూలు చీర కూడ అట్లే కాలును. కావున ఒక్క గుర్తును నమ్మక అన్నిటిని కలిపి చూడవలెను.

చీటీని గూర్చి ఒక మాట. చేనేత మార్కు 2006లోను, ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండు 2015లోను వచ్చినవి. యాభై ఏండ్లనాటి పాత చీర యని చెప్పి దానికి చేనేత మార్కు చీటీ చూపినచో, చీరయో చీటీయో ఒకటి అబద్ధము.

చట్టము మన పక్షమున నున్నది. నిర్దేశించిన లక్షణములు గల చీర, ధోవతి, లుంగీ, శాలువా మున్నగు వానిని 1985 నాటి చట్టము చేమగ్గమునకే ప్రత్యేకించినది. మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, పోచంపల్లి చీరల పేర్లకు 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద రక్షణ కలదు. ఆన్‌లైను వ్యాపారమునకు 2020లో చేసిన నియమముల ప్రకారము, నకిలీ వస్తువును గాని ప్రకటించిన లక్షణములు లేని వస్తువును గాని తిరిగి తీసికొనుటకు అమ్మువాడు నిరాకరింపరాదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెను. అట్లు జరుగనిచో 1915 అను నంబరునకు ఫోను చేయవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును. రసీదు, ప్రకటన బొమ్మ, పొట్లము విప్పినపుడు తీసిన చిత్రము భద్రపరచుకొనవలెను.

సభ్యులారా, మన పంచాయతీలు జెండా పండుగలకును, సన్మానములకును శాలువాలు, కండువాలు కొనుచునే యున్నవి. ఆ కొనుగోలు చేయువారు ముందుగా వానిని తిరుగవేసి చూడవలెను. మంగళగిరి మీకు దూరము కాదు. నేతగాని సహకార సంఘమునకో, ఆప్కో అంగడికో వెళ్లి కొనవచ్చును. గ్రామసభలో ఒక అసలు చీరను, ఒక నకిలీ చీరను ప్రక్కప్రక్కన పరచి స్త్రీలకు చూపించినచో, నా ప్రసంగము కన్న అది ఎక్కువ పని చేయును.

మీ పొలమున పండిన పత్తి నూలై, ఆ నూలు నేతగాని చేతిలో బట్టయగును. రైతును మోసగించిన పొట్లమునకును, నేతగానిని మోసగించిన చీటీకిని భేదము లేదు. నకిలీ విత్తనము వలన కలుగు నష్టమెట్టిదో మీకు తెలియును. నేతగానికి ఆ నష్టము కలుగకుండ చూచుటలో మీరు ముందు నిలువవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.