ఎత్తుకు తగిన ఓర్పు



హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో కొండకొమ్ముల మీద వెలసిన బౌద్ధారామాలను చూడదలచినవారు ప్రయాణానికి ఎలా సిద్ధపడాలో నాలుగు మాటలు చెప్పమని మీరు కోరారు. నేను హిందీ నుంచి తెలుగులోకి అనువాదాలు చేసుకునేవాణ్ణి, పర్వతారోహకుణ్ణి కాను. అయితే ఒకసారి తప్పు లెక్కతో వెళ్లి, మరొకసారి ఆ లెక్క దిద్దుకొని వెళ్లినవాణ్ణి. ఆ అర్హతతోనే మాట్లాడుతున్నాను.

మొదటిసారి నేనూ, నా మిత్రుడూ వారం రోజుల సెలవులోనే సమస్తమూ చూడాలని బయలుదేరాము. హైదరాబాదు ఐదారు వందల మీటర్ల ఎత్తున ఉన్న నగరం. ఢిల్లీ మీదుగా మనాలీ చేరి, మరునాటి తెల్లవారుజామున జీపు ఎక్కి, సుమారు 4,550 మీటర్ల ఎత్తుగల కుంజుమ్ కనుమ దాటి, ఆ సాయంత్రమే కాజా పట్టణం చేరుకున్నాము. దారిలో నదికి ఆవలి గట్టున కీ ఆరామం, ఒకదానిపై ఒకటి పేర్చిన తెల్లని గూళ్లవలె కనిపించింది. రేపు ఉదయమే అక్కడ ఉంటామని మురిసిపోయాము.

ఆ రాత్రి నా మిత్రునికి తల పగిలిపోయే నొప్పి, వాంతులు, ఆయాసం మొదలైనాయి. కాజా 3,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రతీరంలో దొరికే దానిలో దాదాపు మూడింట రెండు వంతులే. స్థానిక వైద్యుడు ప్రాణవాయువు పెట్టించి, తెల్లవారగానే కిందికి దిగమన్నాడు. ఇంత దూరం వచ్చాము, కీ ఆరామాన్ని ఒక్క గంట చూసి పోదామని నేను అన్నాను. ఆ మాట తలచుకుంటే నేటికీ సిగ్గు వేస్తుంది. జీపు నడిపే స్పితి యువకుడు ఒప్పుకోలేదు. "కొండ ఎక్కడికీ పోదు సాబ్, ముందు ఈయనను దించుదాం" అన్నాడు. అతని మాతృభాష వేరు, నాది వేరు. ఇద్దరమూ నేర్చుకున్న హిందీలో అతడు చెప్పిన ఆ వాక్యం నా మిత్రుణ్ణి కాపాడింది.

ఇక దిద్దుకొన్న లెక్క చెబుతాను. రెండవసారి మేము సిమ్లా దారిన వెళ్లాము. కాల్కా నుంచి సిమ్లాకు 1903లో ప్రారంభమైన చిన్న రైలు ఉంది. అక్కడి నుంచి కాజా నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. సట్లెజ్ ఒడ్డున రాంపూర్‌లో ఒక రాత్రి, 2,960 మీటర్ల ఎత్తున ఉన్న కల్పాలో రెండు రాత్రులు, 3,280 మీటర్ల తాబోలో రెండు రాత్రులు గడిపి, ఆ తరువాతనే కాజా చేరాము. మూడు వేల మీటర్లు దాటిన పిమ్మట, నిద్రించే చోటు రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెరగకూడదని వైద్యులు చెబుతారు. పగలు పైకెక్కి చూడవచ్చు. రాత్రికి దిగి పడుకోవాలి. అలాగే 3,894 మీటర్ల ధన్‌కర్‌ను తాబో నుంచి, 4,166 మీటర్ల కీని కాజా నుంచి చూసి వచ్చాము.

కుంజుమ్ కనుమ సాధారణంగా జూన్ నుంచి అక్టోబరు వరకే తెరచి ఉంటుంది. జులై, ఆగస్టు నెలలలో కిన్నౌర్ దారిన కొండచరియలు విరిగిపడుతుంటాయి. కనుక జూన్ చివరి దినాలు గాని, సెప్టెంబరు గాని ఎంచుకోండి. దారి మూసుకుపోతే ఆగడానికి రెండు రోజులు అదనంగా చేర్చుకోండి. చేతిలో నగదు ఉంచుకోండి. ఆరామాలలో పాదరక్షలు విడవండి, ప్రదక్షిణం కుడివైపుగా చేయండి. తాబో ఆలయంలోని కుడ్యచిత్రాలకు ఫోటోలు తీయరాదు.

తాబో ఆరామం క్రీ.శ. 996లో వెలసింది. దానితో ముడిపడిన రించెన్ జాంగ్‌పో కాశ్మీరంలో సంస్కృతం నేర్చి, బౌద్ధ గ్రంథాలను టిబెట్ భాషలోకి తెచ్చిన మహనీయుడు. ఆయనను 'లోత్సావా' అంటారు. ఆ మాటకు అర్థం అనువాదకుడు. ధన్‌కర్‌లో ఒక వృద్ధ భిక్షువు మాది ఏ ఊరని అడిగాడు. హైదరాబాదన్నాను, ఆంధ్రదేశమన్నాను, ఆయనకు పట్టు దొరకలేదు. నాగార్జునుని పేరిట కొండ ఉన్న దేశమని చెబుతూ, టిబెట్ భాషలో ఆయన పేరైన 'లూడ్రుప్' అనే మాట పలికాను. వెంటనే నా చేయి పట్టుకొని లోపలికి తీసుకుపోయి తేనీరు ఇప్పించాడు. నాగార్జునుని మాధ్యమిక దర్శనాన్ని ఆ సంప్రదాయపు భిక్షువులు నేటికీ అధ్యయనం చేస్తారు. కాలచక్రాన్ని బుద్ధుడు ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, బోధించాడని వారి విశ్వాసం. దలైలామా కాలచక్ర దీక్షను 2000లో కీ ఆరామంలోనూ, 2006లో అమరావతిలోనూ నిర్వహించారు.

కొండ ఎక్కడికీ పోదన్నాడు ఆ యువకుడు. ధన్‌కర్ ఆరామం నిలిచిన మట్టికొండ మాత్రం వానకూ గాలికీ కోసుకుపోతూనే ఉంది. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న నూరు కట్టడాల 2006 నాటి జాబితాలో దానిని చేర్చారు. కనుక కొద్దిమందిగా వెళ్లండి, మెల్లగా అడుగు వేయండి.

రెండవ యాత్రలో నా మిత్రుడు కీ ఆరామపు మెట్లు తానే ఎక్కాడు. పది మెట్లకొకసారి ఆగాడు; నేనూ ఆగాను. మిత్రులారా, మీ ప్రయాణ పట్టికలో చూడవలసిన చోట్ల కంటే ముందు ఆగవలసిన రోజులు రాసుకోండి. మీలో ఒకరు దిగిపోవలసి వస్తే అందరూ దిగుతామని బయలుదేరకముందే మాట ఇచ్చుకోండి.